లాల్‌పేట్ రాళ్ల దగ్గరికి వెళ్దాం, చుట్టాల్లా వెళ్దాం

కాస్త పెద్ద పోస్టే. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

ఈసారి కార్తీక వనభోజనాలు ఎక్కడ అని మన గ్రూపులో పది రోజులుగా చర్చ నడుస్తోంది. ప్రతిసారీ చెరువు గట్టో, ఎవరిదో ఒకరి తోటో ఎందుకు, మన చంద్రపూర్‌లోనే ఉన్న లాల్‌పేట్ పెద్ద రాతి విగ్రహాల దగ్గరికి వెళ్దామని ఒకరు అంటే చాలామంది చేతులెత్తారు. మేమూ ఎత్తాం. మేమంటే సాంస్కృతిక కమిటీలో ఉన్న నలుగురం. వెళ్లాలన్న దాని మీద మాకు రెండో మాట లేదు.

అయితే ఆ ప్రతిపాదన వెనకాలే ఇంకో మూడు వచ్చాయి. విగ్రహాల పక్కన మన సంఘం పేరుతో ఒక శాశ్వత బోర్డు పెట్టి, ఇవి తెలుగువాడు చేయించినవని రాయించాలని ఒకటి. విగ్రహాలకు నూనె, పసుపు, కుంకుమ పెట్టి అభిషేకం చేసి, చందాలు వేసుకుని పైన రేకుల షెడ్డు వేయించాలని రెండోది. అందరం విగ్రహాల మీదికెక్కి డ్రోన్‌తో గ్రూపు ఫొటో తీయించుకోవాలని మూడోది. ఈ మూడూ వద్దని మేం అంటున్నాం. ఆ మాట అన్నవాళ్లంతా మనవాళ్లే, మంచి మనసుతోనే అన్నారు. కాబట్టి వద్దని ఊరుకోకుండా, ఎందుకు వద్దో విడమర్చి చెప్పడం మా బాధ్యత.

ముందు చూడనివాళ్ల కోసం. లాల్‌పేట్ అనగానే మనలో సగం మందికి గుర్తొచ్చేది బొగ్గుగని. మన పెద్దవాళ్లు ఎందరో షిఫ్టు డ్యూటీలు చేసిన పేరు అది. ఆ లాల్‌పేట్‌లోనే, ఆరుబయట, ఆకాశం కింద, భారీ ఏకశిలా విగ్రహాలు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది పది తలల విగ్రహం. పది తలలు కనిపించేసరికి చుట్టుపక్కల జనం దాన్ని రావణుడంటారు. చరిత్ర రాసినవాళ్లు దుర్గ అంటారు. ఇంకా గణపతి ఉన్నాడు, హనుమంతుడు ఉన్నాడు, నంది ఉంది, శివలింగం ఉంది, చేప, తాబేలు ఉన్నాయి. పక్కన నిలబడితే మనిషి చిన్నపిల్లాడిలా కనిపిస్తాడు. ఇన్ని విగ్రహాలున్నా గుడి మాత్రం లేదు. గర్భగుడి లేదు, గోపురం లేదు. ఎవరో చాలా పెద్ద పని తలపెట్టారని, అది మధ్యలో ఆగిపోయిందని చూడగానే తెలుస్తుంది.

ఎవరు తలపెట్టారన్న దానికి స్థానికంగా ఒక కథ ఉంది. పాత గెజిటీర్లలోకీ ఎక్కింది. గోండు రాజుల కాలంలో రాయప్ప అనే ధనవంతుడైన కోమటి వర్తకుడు మహా శివాలయం ఒకటి కట్టించాలనుకున్నాడట. ముందుగా విగ్రహాలు చెక్కించాడట. గుడి లేచేలోపే ఆయన కన్నుమూశాడట. పని అంతటితో ఆగిపోయింది.

ఈ కథ వినగానే మనలో ఒక పులకింత కలుగుతుంది. అది సహజం. కోమటి అన్న మాటే తెలుగు మాట. మధ్య పరగణాల కులాలు, తెగల గురించి రసెల్, హీరాలాల్ 1916లో అచ్చువేసిన గ్రంథంలో చాందా ప్రాంతపు కోమట్ల ప్రస్తావన ఉంది. అంటే మనం బల్లార్షా స్టేషన్లో దిగకముందే, గనుల్లో దిగకముందే, ఇక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం పూర్తయింది 1929లో. బల్లార్‌పూర్ పేపర్ మిల్లు పుట్టింది 1945లో. మన సంఘంలో చాలా కుటుంబాల కథ ఆ రైలుతోనో, ఆ మిల్లుతోనో, గనులతోనో మొదలవుతుంది. నది అవతలి రాజురా తాలూకా సంగతి వేరు. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అక్కడివాళ్లు ఎక్కడికీ వలస రాలేదు, సరిహద్దే వాళ్ల మీదుగా జరిగింది. దక్షిణాన సిరొంచ వైపు ఊళ్లలో ఇళ్లలో, సంతల్లో తెలుగే వినిపిస్తుంది. 1982లో గడ్చిరోలి జిల్లా విడిపోయేదాకా ఆ ఊళ్లు కూడా మన జిల్లావే.

ఇంత ఉన్నా, ఇక్కడే పుట్టి ఇక్కడే చదివిన మన పిల్లలను క్లాసులో ఇంకా అడుగుతారు, మీ అసలు ఊరేది అని. మూడో తరం పిల్లకు ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. నాలుగు వందల ఏళ్ల నాడే ఇక్కడ మా తెలుగువాడు ఉన్నాడు అని ఒక రాయి చూపించి చెప్పగలిగితే ఎంత బాగుండునని ఆ పిల్ల తల్లిదండ్రులకు అనిపించడంలో తప్పేమీ లేదు. బోర్డు పెడదామన్న ఆలోచన అక్కడినుంచే వచ్చిందని మాకు తెలుసు. ఆ కోరికను మేం చిన్నచూపు చూడటం లేదు.

కానీ బోర్డు మీద ఏం రాస్తాం? రాయప్ప డబ్బు పెట్టాడని కథ చెబుతోంది. ఉలి పట్టింది ఎవరు? అంత బండను తొలిచింది ఎవరు? తిండి పెట్టింది, ఎడ్లు తోలింది, దుమ్ము మింగింది ఎవరు? వాళ్ల పేర్లు ఏ కథలోనూ లేవు. ఈ నేల అప్పుడు ఎవరిది? గోండు రాజులది. కోట గోడలు వాళ్లవి, జట్‌పురా, పఠాన్‌పురా, బింబా, అంచలేశ్వర్ దర్వాజాలు వాళ్లవి. ఆ దర్వాజాల మీద ఏనుగును అణచిన సింహం వాళ్ల రాజముద్ర. ఒక పరాయి భాషా వర్తకుడు తమ రాజధానిలో అంత పెద్ద గుడి తలపెట్టినా పొమ్మనని రాజ్యం అది. మన బోర్డులో రాయప్ప పేరు పెద్దక్షరాల్లో పడితే, ఆ రాజ్యం, ఆ కూలీలు, ఆ శిల్పులు అందరూ చిన్నక్షరాల్లోకి వెళ్లిపోతారు. పైగా ఇది తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. చెప్పుకునే మాటను చెప్పుకునే మాటగానే ఉంచాలి. రాతి మీద చెక్కితే అది తీర్పు అయిపోతుంది. రేపు ఇంకొకరు వచ్చి, కాదు, మావాడు చేయించాడని పక్కనే ఇంకో బోర్డు పెడితే మన దగ్గర జవాబేముంది?

ఇప్పుడు కొంచెం దూరం వెళ్లి వద్దాం. సగంలో ఆగిపోయిన భారీ రాతి విగ్రహాలకు ప్రపంచంలో అందరికంటే పేరున్న చోటు పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉంది. ఈస్టర్ దీవి అని స్కూల్లో చదువుకున్నాం. అక్కడి పాలినేషియన్ ప్రజలు తమ దీవిని రాపా నుయి అంటారు. పెద్ద తల, పొడుగు చెవులు, బిగించిన పెదాలతో ఉండే విగ్రహాల ఫొటోలు అందరూ చూసే ఉంటారు. వాటిని మోఆయి అంటారు. ఆ దీవిలో తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. అవి దేవుళ్ల బొమ్మలు కావు, ఆ వంశాల పూర్వీకులు. పూర్తయినవాటిని ఎక్కువగా సముద్రం ఒడ్డున ఆహు అనే రాతి వేదికల మీద, ఊరివైపు ముఖం పెట్టి నిలబెట్టేవారు. వాటిలో చాలావరకు చెక్కింది మాత్రం ఒక్కచోటే, రానో రరాకు అనే పాత అగ్నిపర్వతం దగ్గర. దాదాపు నాలుగు వందల విగ్రహాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కొన్ని సగం మట్టిలో, కొన్ని ఇంకా కొండ బండకే అతుక్కుని. అన్నిటికంటే పెద్దది సుమారు 21 మీటర్ల పొడవు. అది ఇంకా కొండను వదలనే లేదు.

మాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించినది కళ్ల సంగతి. మోఆయికి కనుగుంటలు తొలిచి, తెల్ల పగడపురాయితో కళ్లు పెట్టేది దాన్ని వేదిక మీద నిలబెట్టిన తర్వాతే. గని దగ్గర మిగిలిపోయిన విగ్రహాలకు ఆ గుంటలే లేవు. కళ్లు వచ్చినప్పుడే ఆ పూర్వీకుడి శక్తి అందులోకి వస్తుందని వాళ్ల నమ్మకం. ఇది వింటే మన స్థపతులు నవ్వి, ఇందులో కొత్తేముంది అంటారు. మన పద్ధతిలోనూ విగ్రహానికి కళ్లు తెరవడం ప్రతిష్ఠ సమయంలో చేసే పనే. నేత్రోన్మీలనం అయ్యేదాకా, ప్రాణప్రతిష్ఠ జరిగేదాకా అది శిల్పమే. ఎక్కడి పసిఫిక్, ఎక్కడి కాకతీయుల దేశం! ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ ఒకే మర్యాద దగ్గరికి చేరారు.

అభిషేకం చేద్దామన్న పెద్దలకు మా జవాబు ఇక్కడుంది. లాల్‌పేట్‌లో గుడి లేవలేదు. గుడి లేవకముందే పని ఆగిందన్న కథ నిజమైతే, ఆ విగ్రహాలకు ప్రతిష్ఠ జరిగి ఉండే అవకాశం లేదు. ప్రతిష్ఠ జరగని మూర్తికి మనం ఒక ఆదివారం పొద్దున నూనె పోసి, పసుపు పూసి, మధ్యాహ్నం పులిహోర తిని, సాయంత్రం బస్సెక్కితే అది ఏ ఆగమంలో ఉంది? దీపం మొదలుపెట్టినవాడు రోజూ పెట్టాలి. మనలో ఎవరు పెడతారు? అక్కడి బస్తీవాళ్లలో ఎవరైనా ఆ రాళ్ల దగ్గర దీపం పెట్టుకుంటే అది వేరు సంగతి. వాళ్లు రోజూ ఆ రాళ్లను చూస్తూ బతుకుతున్నవాళ్లు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో వేల ఏళ్ల నాటి నిలువురాళ్లు ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. అక్కడి ఊరివాళ్లు ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. ఆ ఊరికీ ఆ రాయికీ ఉన్న సంబంధం అది. దాన్ని మనం బస్సులో తీసుకెళ్లి ఇంకోచోట దింపలేం.

నమ్మకం సంగతి అలా ఉంచి, రాయి సంగతి చూసినా నూనె మంచిది కాదు. నూనె రాతి రంధ్రాల్లోకి దిగుతుంది, దుమ్మును పట్టుకుంటుంది, జిడ్డు నల్లబడుతుంది. పసుపు, కుంకుమ, ఈమధ్య దొరికే రసాయన రంగులు చెక్కడంలోని సన్నగీతలను పూడ్చేస్తాయి. ఎన్నో గుళ్లలో అర అంగుళం మందాన పేరుకున్న పూత కింద అసలు ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియని స్థితి మనం చూస్తూనే ఉన్నాం. ఇక్కడైతే ఉలి దెబ్బలు ఎక్కడ ఆగాయో చూడటానికే జనం రావాలి. ఆ గీతలు పోతే మిగిలేది బండ.

షెడ్డు మాటకు చట్టం కూడా అడ్డే. మన ఊళ్లో పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. ఇలాంటి రక్షిత స్థలాలకు 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. 2010 సవరణ తర్వాత రక్షిత హద్దు చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి తప్పనిసరి. విగ్రహాన్ని పాడుచేస్తే జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. మంచి పని అని చందా వేసుకుని, చివరికి సంఘం అధ్యక్షుడు నోటీసుకు జవాబు రాసుకుంటూ తిరగడం మనకు అవసరమా?

ఇక ఫొటో సంగతి. రాపా నుయిలో 2008లో ఒక విదేశీ పర్యాటకుడు జ్ఞాపకంగా ఉంటుందని ఒక మోఆయి చెవి ముక్క విరగ్గొట్టాడు. పెద్ద మొత్తం జరిమానా కట్టాడు. జరిమానాతో చెవి తిరిగి రాలేదు. ఆ దీవి 1888 నుంచి చిలీ దేశం కింద ఉంది. 1995లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కానీ తమ పూర్వీకుల విగ్రహాలున్న పార్కు నిర్వహణ అక్కడి స్థానిక ప్రజల చేతికి వచ్చింది 2017లోనే. మావు హెనువా అనే వాళ్ల సంస్థ ఇప్పుడు దాన్ని చూస్తోంది. విగ్రహాలను ముట్టుకోకూడదు, వేదికల మీద కాలు పెట్టకూడదు, గీసిన దారి దాటకూడదు. వేల మైళ్లు విమానంలో వచ్చినవాడు కూడా ఆ దారి మీదే నిలబడి చూసి వెళ్తాడు. మనం ఆటోలో పోయే దూరంలో ఉన్న విగ్రహం భుజమెక్కి కూర్చుంటే మన పిల్లలు ఏం నేర్చుకుంటారు? వాళ్ల తాత ఫొటో ఫ్రేము మీద ఎవరైనా చెప్పు కాలు పెడితే ఊరుకుంటారా?

ఆ దేశాల నుంచే ఇంకో ఆచారం చెబుతాం. పాలినేషియన్ ప్రజలకు మరాయె అని ఒక పవిత్ర స్థలం ఉంటుంది. తాహితీ వైపు దీవుల్లో అది రాళ్లు పరిచిన వాకిలి, ఒక చివర రాతి వేదిక, పైన కప్పు లేదు. రాయాటెయా దీవిలోని తపుతపువాటెయా మరాయె వాటిలో చాలా పేరున్నది. అది 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. న్యూజిలాండ్‌లోని మావోరి ప్రజలకు మరాయె ఇప్పటికీ బతికున్న చోటు. పెళ్లి అక్కడే, చావు అక్కడే, సభ అక్కడే. అక్కడికి కొత్తవాళ్లు వెళ్తే నేరుగా లోపలికి పోరు. గేటు బయట నిలబడతారు. లోపలినుంచి ఒక స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది. వచ్చినవాళ్ల తరఫున ఇంకో స్త్రీ బదులు పలుకుతుంది. అప్పుడు నెమ్మదిగా నడిచి వెళ్తారు. ప్రసంగాలవుతాయి, ముక్కుకు ముక్కు ఆనించి ఊపిరి పంచుకుంటారు, చివర్లో అందరూ కలిసి భోజనం చేస్తారు. ఆ భోజనంతో కొత్తవాళ్లు కొత్తవాళ్లు కాకుండా పోతారు. చూశారా, వాళ్లకూ చివర్లో ఉన్నది సహపంక్తి భోజనమే. కానీ ముందు పిలుపు, తర్వాతే తిండి.

అదంతా ఎక్కడో దూరదేశపు సంగతి, మనకెందుకు అనకండి. మన పక్కనే ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర ఉంది. మన జిల్లా గోండులు కూడా ఎంతోమంది వెళ్తారు. పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశంవాళ్లు, తాము కాలినడకన వెళ్లి తెచ్చిన గోదావరి నీళ్లతో నాగోబాకు పూజ చేస్తారు. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను ఆ జాతరలో దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. తెల్ల చీరలు కట్టుకుని, ముసుగులు వేసుకుని, పెద్దవాళ్ల వెంట కోడళ్లు వస్తారు. ఆ పరిచయం అయ్యాకే ఆ పిల్ల ఆ దేవుడి కోడలు. పెళ్లయి ఇంటికొచ్చినంత మాత్రాన సరిపోదు. ఒకరు చెయ్యి పట్టి తీసుకెళ్లి, ఇదిగో, ఈమె మన పిల్ల అని చెప్పాలి.

మన ఇళ్లలో మాత్రం? కొత్త ఊరికి కాపురానికి పోతే ముందు పొలిమేర దగ్గర పోచమ్మకు మొక్కి పొమ్మని పంపిన అమ్మమ్మలు మనకు లేరా? చుట్టాలింటికి పోతే గడప బయట కాళ్లు కడుక్కుని, రమ్మన్నాక లోపలికి పోయేవాళ్లం. ఈ మర్యాద ఎవరో నేర్పాల్సింది కాదు. మనం సంఘంగా ఒకచోటికి వెళ్లేటప్పుడు దాన్ని ఇంట్లో మరిచిపోకుండా వెంట తీసుకెళ్తే చాలు.

దీని మీద ఒకాయన గ్రూపులో గట్టిగానే రాశారు. అందరూ ఇలా మర్యాదలంటూ దూరంగా నిలబడితే ఆ విగ్రహాలను పట్టించుకునేదెవరు, చెత్త పేరుకుపోతే ఎత్తేదెవరు అని. మంచి ప్రశ్న. దీనికి జవాబు మన ఊళ్లోనే ఉంది. చంద్రపూర్ కోట గోడ మీద చెట్లు మొలిచి, చెత్త నిండి, బురుజులు కనిపించకుండా పోయిన రోజుల్లో, 2017లో ఇకో-ప్రో సంస్థ యువకులు పని మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే గడ్డి కోసి, ముళ్లు తీసి, చెత్త మోశారు. రెండు వందల రోజులు దాటినా ఆపలేదు. ఆ ఏడే ప్రధాని మన్ కీ బాత్‌లో వాళ్ల పని గురించి చెప్పారు. వాళ్లు గోడకు కొత్త రంగు వేయలేదు, గోడ మాది అనలేదు. ఉన్నదాన్ని కనిపించేలా చేశారు, అంతే. ఈరోజు ఆ బురుజుల మీద నడిచే ప్రతివాడూ వాళ్లకు రుణపడి ఉన్నాడు. పట్టించుకోవడం అంటే మాకు ఇదే. సొంతం చేసుకోవడానికీ పట్టించుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది.

ఇంకో వాదన కూడా ఉంది. సగంలో ఆగిన పని చూస్తే మనసు కలుక్కుమంటుంది, రాయప్ప ఆత్మ శాంతించాలంటే ఆ గుడి మనమే పూర్తి చేయాలి అని. ఈ మాట వెనక ఉన్న ప్రేమ మాకు అర్థమవుతుంది. కానీ ఆయన మనసులో ఉన్న గుడి ఎలాంటిదో ఇవాళ ఎవరు చెప్పగలరు? ఆ కొలతలు, ఆ వాస్తు, ఆ శిల్పుల చేతి వాటం వాళ్లతోనే పోయాయి. ఇవాళ మనం సిమెంటుతో కట్టేది మన గుడి అవుతుంది, ఆయనది అవదు. రాపా నుయివాళ్లు కొండకు అతుక్కున్న ఆ పెద్ద విగ్రహాన్ని విడదీసి నిలబెట్టడానికి పూనుకోలేదు. అది అలా పడుకుని ఉండటం వల్లే, ఏ పనిముట్టుతో ఎలా చెక్కారు, వీపు కింద ఎలా తొలిచారు అన్నది లోకానికి తెలిసింది. సగం పని కూడా ఒక పుస్తకమే. లాల్‌పేట్ రాళ్లను అలా చదివే ఇంజినీరింగు పిల్లలు, బొమ్మలు వేసే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. మిగిలిన సగం మనం పూడిస్తే వాళ్లకు చదవడానికి ఏం మిగులుతుంది?

కాబట్టి వద్దని మూడు చెప్పాం, చేద్దామని ఇవి చెబుతున్నాం.

మొదటిది, ముందుగా అడుగుదాం. వనభోజనాలకు రెండు వారాల ముందే నలుగురు పెద్దలం లాల్‌పేట్ వెళ్లి, ఆ విగ్రహాల చుట్టుపక్కల ఉండేవాళ్లతో కూర్చుని మాట్లాడదాం. మేం ఇంతమందిమి వస్తాం, చూసి వెళ్తాం, మీకు ఇబ్బందా అని అడుగుదాం. వాళ్లు ఆ చోటి గురించి ఏం చెప్పుకుంటారో విందాం. రావణుడు అంటే రావణుడనే విందాం. నవ్వొద్దు, దిద్దొద్దు. పురావస్తు శాఖకు ఒక చిన్న లేఖ రాసి పెడదాం.

రెండోది, మనతో పాటు ఒక గోండు పెద్దను, ఒక మరాఠీ టీచరును పిలుద్దాం. కోట గురించి, రాణీ హిరాయి గురించి, 1858లో చాందా జైలు దగ్గర ఉరికంబమెక్కిన బాబూరావ్ షెడ్మాకే గురించి మన పిల్లలకు వాళ్లు చెబితేనే బాగుంటుంది. రాయప్ప కథ మనవాళ్లలో ఒకరు చెప్పాలి, చెప్పుకుంటారు అన్న మాట వదలకుండా చెప్పాలి. ఒకే చోటు గురించి మూడు భాషల్లో మూడు గొంతులు వింటే, మీ అసలు ఊరేది అన్న ప్రశ్నకు ఏ బోర్డూ ఇవ్వలేని జవాబు ఆ పిల్లలకు దొరుకుతుంది.

మూడోది, భోజనాలు విగ్రహాల దగ్గర వద్దు. చూసేది అక్కడ, తినేది వేరే చోట, ఉసిరి చెట్టు ఉన్న తోటలో. విస్తళ్లు, పెరుగు కప్పులు, నీళ్ల సీసాలు ఆ ఆవరణలోకి రానే రాకూడదు. ఆ బస్తీ నుంచి ఎవరు వస్తామన్నా వాళ్లకూ మన పంక్తిలోనే ఆకు వేద్దాం. నూనె, పసుపు కొనాలనుకున్న డబ్బుతో పది జతల చేతి తొడుగులు, గోనె సంచులు కొందాం. వాళ్లు సరేనంటే గంటసేపు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఏరుదాం.

నాలుగోది, ఫొటో తీసుకుందాం. తప్పకుండా తీసుకుందాం. విగ్రహాలు వెనక, మనం ముందు, కాళ్లు నేల మీద.

ఇవన్నీ చేస్తే మన సంఘం పేరు ఎక్కడా రాసి ఉండదు కదా అని ఒక సోదరి అడిగారు. ఉండదు. అక్కయ్యా, ఈ ఊళ్లో మన పేరు ఎక్కడ రాసి ఉంది చెప్పండి? గనిలో దిగిన మన నాన్నల పేర్లు ఏ గోడ మీదా లేవు. మిల్లులో మూడు షిఫ్టులు నడిపినవాళ్ల పేర్లు కాగితం మీద కూడా లేవు, కాగితం చేసింది వాళ్లే అయినా. అయినా వాళ్లు లేని చంద్రపూర్ లేదు. లాల్‌పేట్‌లో ఆ తాబేలు వీపును చెక్కినవాడి సంగతీ అంతే. అతను మన భాషవాడో కాదో తెలియదు, అతనూ మనలాంటి కష్టజీవి. మనం వెళ్లి ఆ ఉలి గీతల ముందు ఒక్క నిమిషం ఊరికే నిలబడితే, రాయప్పకూ అతనికీ కలిపి చేసిన నమస్కారం అవుతుంది.

ఈ నెల మీటింగులో దీని మీద చేతులెత్తిస్తాం. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇక్కడే రాయండి, లేదా వచ్చి మాట్లాడండి. మాటకు మాట జవాబు చెబుతాం, ఎవరినీ నొప్పించం. లాల్‌పేట్ వైపు చుట్టరికం, స్నేహం ఉన్నవాళ్లు ముందుగా పలకండి. అడగడానికి వెళ్లే నలుగురిలో మీరు ఒకరు కావాలి.